రేకును అడిగి మిషను కొనండి

2021 నవంబరు వానలను తిరుపతి వాళ్ళెవరూ మరిచిపోలేదు. వీధులు వాగులయ్యాయి, సెల్లార్లు బావులయ్యాయి, రాయలచెరువు కట్ట ఏమవుతుందోనని చుట్టుపక్కల ఊళ్ళు నిద్ర మానుకున్నాయి. మా వీధిలో మోకాటి లోతు నీళ్ళలో నా మారుతి 800 ఒక రాత్రంతా నిలబడింది. నీళ్ళు తీశాక సీట్లు ఎండబెట్టాను, ఆయిల్ మార్పించాను, బండి స్టార్టయింది, గండం గడిచిందనుకున్నాను. సీట్ల కింద పరిచిన మందపాటి ఫెల్టు మాత్రం తాగిన నీళ్ళను కడుపులోనే పెట్టుకుంది. రెండేళ్ళ తర్వాత ఒకరోజు క్లచ్ తొక్కబోతే మడమ కింద మెత్తగా తగిలింది. కార్పెట్ లేపి చూస్తే రోడ్డు కనిపించింది.

అరచేయంత బొక్క. టింకరింగ్ షెడ్డుకు తీసుకెళ్తే మేస్త్రీ, "వారం పెట్టి పో సామీ" అన్నాడు. వారం బండి లేకుండా ఎట్లా అని నేను వెనక్కి వచ్చేశాను. ఇంతకీ వెల్డింగే కదా, ఇంట్లోనే చేసుకుందామనిపించింది. ఆన్‌లైన్లో వెతికి, పెట్టె మీద పెద్దక్షరాలతో 200 అని రాసి ఉన్న ఆర్క్ వెల్డింగ్ మిషను తెప్పించాను. పక్కన 160 అని రాసినది వెయ్యి రూపాయలు తక్కువకే ఉంది. అంకె పెద్దదైతే మిషను గట్టిదనుకునే రకం నేను. ఆదివారం పొద్దున రాడ్డు పట్టుకున్నాను. మధ్యాహ్నానికి అరచేయంత బొక్క విస్తరాకంత అయింది. తలొంచుకుని మళ్ళీ ఆ మేస్త్రీ దగ్గరికే పోయాను. ఆయన బండి కిందికి దూరి, టార్చి వేసి చూసి, నవ్వు ఆపుకుంటూ అన్నాడు: "మీరు రేకుని అతికించలా సామీ, కోసినారు."

ఆయన మాటలో ఉన్న లెక్క నాకు అర్థం కావడానికి ఇంకో నెల పట్టింది. మీకు అంత పట్టకూడదనే ఈ అధ్యాయం.

మిషను ధరలు చూడకముందు మీరు అతికించబోయే రేకు మందం తెలుసుకోండి. హార్డ్‌వేర్ కొట్లో రేకుకు గేజి లెక్క ఉంటుంది. గేజి పెరిగేకొద్దీ రేకు పలచబడుతుంది. 16 గేజి అంటే 1.6 మిల్లీమీటర్లు, 18 అంటే 1.2, 20 అంటే 0.9, 22 అంటే 0.7. కారు ఫ్లోరు, డోరు, మడ్‌గార్డు దాదాపుగా ఈ 20, 22 గేజిల మధ్యనే ఉంటాయి. ఇంటి గేటుకు వాడే పట్టీ మూడు మిల్లీమీటర్లో అయిదో ఉంటుంది. గేటుకూ కారుకూ వెల్డింగ్ అనే పేరొక్కటే ఉమ్మడి.

ఇక కరెంటు. మామూలు ఉక్కు రేకుకు ఒక్కో మిల్లీమీటరు మందానికి సుమారు నలభై ఆంపియర్లు కావాలని ఒక మోటు లెక్క ఉంది. 0.8 రేకుకు ముప్పై, ముప్పై రెండు చాలు. ఇప్పుడు రాడ్డు వైపు నుంచి చూడండి. కొట్లో మనం 10 నంబరు, 12 నంబరు అని అడుగుతాం. 10 నంబరు రాడ్డు 3.15 మిల్లీమీటర్లు, అది తొంభై నుంచి నూటముప్పై ఆంపియర్లు తింటుంది. 12 నంబరు 2.5 మిల్లీమీటర్లు, దానికి అరవై నుంచి తొంభై. అంతకన్నా తగ్గిస్తే అది మండదు, రేకుకు అంటుకుని పట్టుకు లాగుతుంది. రేకు అడిగేది ముప్పై, రాడ్డు అడిగేది అరవై. నా బొక్క ఈ రెండంకెల మధ్య పెరిగింది. పెట్టె మీది 200కు అందులో పనే లేదు. కారు పనికి మిషను ఎంత పైకి పోగలదన్నది కాదు, వణక్కుండా ఎంత కిందికి దిగగలదన్నది చూడాలి. ఆ కింది అంకెను ఏ ప్రకటనా పెద్దక్షరాలతో వెయ్యదు.

14 నంబరు రాడ్డు ఉంది కదా అనొచ్చు. రెండు మిల్లీమీటర్ల ఆ రాడ్డు నలభై దగ్గర కూడా మండుతుంది, నిజమే. అన్ని కొట్లలో దొరకదు, దొరికినా చెయ్యి తిరిగినవాళ్ళ చేతిలోనే మాట వింటుంది.

అంతమాత్రాన ఆర్క్ మిషను పనికిరాదని కాదు. మీ బండి ఏమిటన్నదాన్ని బట్టి ఉంటుంది. దామలచెరువు, బంగారుపాళెం మండీలకు మామిడికాయలు తోలే పికప్ ఉందనుకోండి. దాని ట్రాలీ రేకు, డాలా కొండీలు, పక్క కమ్మీలు అన్నీ మందమైన సరుకే. పాల క్యాన్ల బండీ అంతే. సైలెన్సర్ బ్రాకెట్టు, క్యారియర్ కమ్మీ, ఇంటి గేటు, మేకల దొడ్డి తలుపు, ఇవన్నీ ఆర్క్‌తో దర్జాగా అతుకుతాయి. అలాంటివాళ్ళు ఆరేడు వేల రూపాయల ఇన్వర్టర్ ఆర్క్ మిషను కొనుక్కుని, ఇక్కడి నుంచి కరెంటు గురించి చెప్పే చోటికి దూకేయొచ్చు.

కారు రేకే మీ పని అయితే కావలసింది మిగ్. మన షెడ్లలో దాన్ని సీవోటూ వెల్డింగ్ అంటారు. రాడ్డుకు బదులు చుట్టలోంచి సన్నటి తీగ దానంతటదే ముందుకు వస్తూ ఉంటుంది, మీరు చేతిలోని టార్చి మీట నొక్కడమే. 0.8 మిల్లీమీటర్ల తీగ నలభై యాభై ఆంపియర్లలోనే హాయిగా మండుతుంది. మీట వదిలితే ఆగుతుంది, అంటే రేకు చల్లారడానికి మీరు గడువు ఇవ్వగలరు. రాడ్డుతో ఆ వెసులుబాటు అంత సులభం కాదు.

మిగ్‌లో మళ్ళీ రెండు దారులు. ఎందుకు రెండో తెలియాలంటే 1904కు పోవాలి. కరిగిన ఇనుముకు గాలి తగిలితే అతుకు బుడగలు బుడగలుగా, పెళుసుగా తయారవుతుంది. స్వీడన్‌లో ఆస్కార్ కెల్‌బెర్గ్ అనే ఇంజనీరు ఒట్టి ఇనుప తీగకు ఖనిజాల పూత పూసి, ఆ పూత కాలి వచ్చే పొగా పెచ్చూ అతుకును గాలి నుంచి కాపాడేలా చేశాడు. ఇవాళ మనం చూసే రాడ్డు అదే. ఆయన ఆ ఏడాది పెట్టిన కంపెనీ పేరు ఈసాబ్. దాని భారతీయ శాఖ ప్రధాన కార్యాలయం మనకు దగ్గర్లోనే, చెన్నైలో ఉంది. మిగ్ మొదటి దారిలో తీగ నున్నటి ఒట్టి తీగ, కాబట్టి గాలిని అడ్డుకోవడానికి సిలిండర్లోంచి కార్బన్ డయాక్సైడ్ గానీ, ఆర్గాన్ కలిపిన వాయువు గానీ వదలాలి. రెండో దారిలో కెల్‌బెర్గ్ పూతను తిరగేశారు. తీగను బోలుగా చేసి పూతమందును లోపల నింపారు. దీనికి సిలిండరు అక్కర్లేదు, గ్యాస్‌లెస్ తీగ అంటారు.

పలచటి రేకుకు గ్యాసే మేలు, అందులోనూ ఆర్గాన్ కలిసినది. అతుకు శుభ్రంగా వస్తుంది, నిప్పురవ్వలు తక్కువ. కానీ సిలిండరుకు అడ్వాన్సు కట్టాలి, రెగ్యులేటర్ కొనాలి, నింపించడానికి తిప్పలు పడాలి. ఏడాదికి నాలుగు ఆదివారాలు పని చేసేవాడికి అది బరువే. పైగా మన పని వాకిట్లోనో మేడ మీదో. గాలి వీస్తే ఆ వాయువు కొట్టుకుపోతుంది. గ్యాస్‌లెస్ తీగ గాలికి అంతగా జడవదు. కొంచెం వేడెక్కువ, చిట్లడం ఎక్కువ, పని అయ్యాక పెచ్చు గోకాలి. నా సలహా ఏమిటంటే, రెండూ చేయగల చిన్న మిగ్ మిషను కొని, గ్యాస్‌లెస్‌తో మొదలుపెట్టండి. చెయ్యి కుదిరాక సిలిండరు సంగతి చూద్దురు. నేను చూసిన ధరల్లో ఇలాంటివి పన్నెండు నుంచి పద్దెనిమిది వేల మధ్య ఉన్నాయి. చాలావాటికి రాడ్డు హోల్డర్ కూడా తగిలించుకోవచ్చు కాబట్టి గేటూ దానితోనే అయిపోతుంది. టిగ్ అన్నమాట వినబడితే దణ్ణం పెట్టి ముందుకు సాగండి. అది అందమైన పని, మొదటి మిషనుకు మాత్రం కాదు.

కొనేటప్పుడు ఒక చిన్న విషయం మీద మొండిగా ఉండండి. గ్యాస్‌లెస్ తీగకు టార్చి మైనస్‌కు, ఎర్త్ క్లాంపు ప్లస్‌కు ఉండాలి. గ్యాసుతో వాడే తీగకు దీనికి తిరగబడి. మిషనులో ఈ రెండూ మార్చుకునే వీలుందా అని అడిగి, మార్చి చూపించమనండి. మార్చకుండా గ్యాస్‌లెస్ తీగ పెట్టి, నిప్పులు చిమ్ముతోందని తీగను తిట్టేవాళ్ళను నేను చూశాను. అద్దంలో కూడా ఒకసారి చూశాను.

ఇప్పుడు కరెంటు. గేటు గ్రిల్ షాపుల్లో కనిపించే పాత బరువు మిషన్లు చాలావరకు రెండు ఫేజులు లాగేవి, వాటితో మనకు పోలిక లేదు. ఇన్వర్టర్ మిషను ఇంటి సింగిల్ ఫేజు మీద నడుస్తుంది. అయితే లెక్క వేయండి. ఆర్క్‌లో తొంభై ఆంపియర్ల దగ్గర వోల్టేజి ఇరవై నాలుగుకు కాస్త తక్కువ, అంటే రెండు కిలోవాట్ల పైచిలుకు. మిషను నష్టాలూ పవర్ ఫ్యాక్టరూ కలుపుకుంటే గోడ ప్లగ్గులోంచి పదహారు ఆంపియర్ల దాకా లాగుతుంది. ఏసీకో గీజరుకో పెట్టిన పెద్ద ప్లగ్గు మోసేది సరిగ్గా అంతే. పెట్టె మీది 200 నిజంగానే వాడితే నలభైకి పైగా లాగాలి. అంటే మీరు డబ్బు పోసి కొన్న ఆ చివరి నూరు ఆంపియర్లు మీ ఇంటి ప్లగ్గు ఎప్పటికీ ఇవ్వలేనివి. మిగ్ అరవై దగ్గర ఇందులో సగం కూడా లాగదు. ఆ లెక్కన కూడా కారుకు అదే నయం.

మీ కరెంటు బిల్లు తీసి మంజూరైన లోడు ఎన్ని కిలోవాట్లో చూసుకోండి. మన దక్షిణ మండల విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది. ఒక కిలోవాట్ కనెక్షన్ మీద మిషను నడిపే బదులు లోడు పెంచమని దరఖాస్తు పెట్టుకోవడం మర్యాద, క్షేమం కూడా. పల్లెలో ఉంటే ఇంకో చిక్కు. స్తంభం దూరం, పక్కన మోటార్లు తిరుగుతుంటాయి, ప్లగ్గులో రెండొందలు కూడా రాదు. మిషను ఎంత తక్కువ వోల్టేజికి తట్టుకుంటుందో వెనక పలకలో రాసి ఉంటుంది, చూసే కొనండి. ఎక్స్‌టెన్షన్ వైరు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది వాడండి, చుట్ట మొత్తం విప్పి నేల మీద పరవండి. చుట్టగానే ఉంచితే లోపలే కాలుతుంది.

ఆ వెనక పలక గురించే ఇంకొంచెం చెప్పాలి. ముందు భాగం అమ్మేవాడిది, వెనక పలక ఇంజనీరుది. అక్కడ ఎక్స్ అనే అక్షరం పక్కన శాతాలు ఉంటాయి, ఒక్కో శాతం కింద ఆంపియర్లు. 60 శాతం కింద 120 అని ఉంటే, ఆ కరెంటుతో పది నిమిషాల్లో ఆరు నిమిషాలు వెల్డింగ్ చేసి నాలుగు నిమిషాలు ఆపాలని. అంతర్జాతీయ ప్రమాణంలో ఈ లెక్క నలభై డిగ్రీల ఎండకు కడతారు. మే నెలలో మన మిద్దె మీద ఆ నలభై నీడలోనే ఉంటుంది. కాబట్టి ఎండాకాలం రాసినదానికన్నా తక్కువే ఆశించండి, పొద్దున్నే పని ముగించండి. పలకే లేని మిషను, లేక ముందు 200 అని కేక పెట్టి వెనక గుసగుసగా వేరే అంకె చెప్పే మిషను ఎంత చవకైనా వద్దు.

మిగ్ అయితే పక్క తలుపు తీసి తీగను నెట్టే చక్రాలు చూడండి. ప్లాస్టిక్ గేరైతే తొందరగా అరుగుతుంది. టార్చి ఊడదీయగలిగేదై ఉండాలి. టార్చి కొసన ఉండే రాగి టిప్పు మీ ఊళ్ళో దొరుకుతుందా? అది అయిపోతే మిషను మొత్తం మూలన పడుతుంది. చెడిపోతే ఎవరు బాగుచేస్తారు? ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరికే కొట్టు నాలుగు వందలు ఎక్కువ చెప్పినా అక్కడే కొనండి. మనకు చెన్నై నూటయాభై కిలోమీటర్ల లోపే కదా, పెద్ద కంపెనీలకు అక్కడ సర్వీసు ఉంటుంది. అలా పోయినప్పుడు పుదుపేటలో ఆగండి. పాత కార్లు విప్పి అమ్మే ఆ సందుల్లో ఒక సొట్టపడిన డోరు కొనుక్కురండి. దాని పని తర్వాత చెబుతాను.

మిషనుకు ఎంత పెట్టదలిచారో అందులో మూడో వంతు పక్కన తీసిపెట్టండి. వెలుగు పడగానే దానంతటదే నల్లబడే హెల్మెట్, తోలు గ్లౌజులు, కటింగ్ మిషను, వైరు బ్రష్షు, ఎనిమిది పది క్లాంపులు ఆ డబ్బుతో వస్తాయి. హెల్మెట్ దగ్గర పిసినారితనం పనికిరాదు. నేను మొదటి ఆదివారం నల్లద్దాలు పెట్టుకుని రెండు మూడు టాకులు, అంటే చుక్క అతుకులు, కొట్టాను. ఏం కాలేదనుకున్నాను. రాత్రి పదకొండుకు కళ్ళలో ఎవరో గుప్పెడు ఇసుక పోసి రుద్దినట్టయింది. ఆర్క్ వెలుగులోని అతినీలలోహిత కిరణాలు కంటి పైపొరను కాలుస్తాయి, బాధ కొన్ని గంటలు ఆగి వస్తుంది. అందరూ చెప్పే బంగాళదుంప ముక్కలు, పాల చుక్కలు నేనూ విన్నాను. ఆ సమయంలో కళ్ళలో ఏదీ పోయకుండా కంటి ఆసుపత్రికి పోవాలి. తిరుపతిలో ఉన్నవాళ్ళకు అరవింద కంటి ఆసుపత్రి ఉంది. మీ కళ్ళు సరే, గోడ పక్కన నిలబడి చూసే పిల్లలకు హెల్మెట్ ఉండదు. పాత ఇనుప రేకొకటి అడ్డం పెట్టండి. నూలు చొక్కా, నూలు ప్యాంటు వేసుకోండి. పాలిస్టర్ లుంగీ నిప్పురవ్వకు చర్మానికే అతుక్కుంటుంది.

బండి దగ్గర మొదటి పని బ్యాటరీ మైనస్ తీగ ఊడదీయడం. ఎర్త్ క్లాంపును అతుకుకు జానెడు దూరంలో, గీకి మెరిసేలా చేసిన రేకుకు పట్టించండి. ఎక్కడో బంపరుకు పట్టిస్తే కరెంటు బేరింగుల్లోంచీ కంప్యూటరు తీగల్లోంచీ దారి వెతుక్కుంటుంది. కార్పెట్, ఫెల్టు, తారుపూత అన్నీ తీసేయాలి. ఫ్లోరు కింద పెట్రోలు గొట్టం, బ్రేకు గొట్టం ఎటు పోతున్నాయో పడుకుని చూసి గాని రాడ్డు ముట్టుకోకూడదు. ట్యాంకు దగ్గరగా ఉంటే ఆ పని మీది కాదు. జింకు పూత రేకును పూత గీకకుండా కాలిస్తే ఆ పొగకు రాత్రి జ్వరం వస్తుంది. బ్రేకు క్లీనర్ స్ప్రేతో తుడిచిన రేకు మీద అసలు ఆర్క్ పెట్టొద్దు, కొన్ని స్ప్రేల ఆవిరి ఆ వేడికి విషవాయువవుతుంది. తడి గోనెసంచి, ఇసుక బకెట్, కింద కనిపెట్టుకుని ఉండే ఒక మనిషి కావాలి. పని అయ్యాక అరగంట బండి దగ్గరే కూర్చోండి. ఎక్కడైనా ఫెల్టు మిగిలిపోతే దాని లోపల నిప్పు నిదానంగా రాజుకుంటుంది.

ఒక గీత మాత్రం గట్టిగా గీస్తాను. ఛాసిస్ మెంబర్లు, సస్పెన్షన్ ఆర్మ్, స్టీరింగ్ సామాను, సీటు బెల్టు బిగించే చోటు, తలుపుల మధ్య స్తంభం, వీటిని ఇంట్లో ముట్టుకోవద్దు. కొత్త కార్లలో ఆ స్తంభాలు ప్రత్యేకంగా గట్టిపరిచిన ఉక్కుతో చేస్తారు. కాలిస్తే ఆ గట్టితనం పోతుంది, కంటికి మాత్రం తేడా కనిపించదు. తిరుమల ఘాట్ రోడ్డు దిగేటప్పుడు వంపు వంపుకూ బ్రేకు తొక్కుతాం. ఆ బరువంతా మోసే ముక్క మీద నేర్చుకునే చేతి అతుకు ఉండకూడదు.

ఇప్పుడు పుదుపేట డోరు సంగతి. కారు మీద మొదటి టాకు కొట్టకముందు కనీసం నాలుగు ఆదివారాలు దాని మీద ఖర్చు పెట్టండి. రెండు ముక్కలుగా కోసి అతికించండి, మళ్ళీ కోయండి. అతికినదాన్ని బెంచీకి బిగించి వంచండి. అతుకు చీలితే తప్పు, పక్క రేకు చీలితే ఒప్పు. గీతలాగా వరసగా అతుకుతూ పోవాలన్న ఆశే మొదటి శత్రువు. పలచటి రేకు ఒకచోటే వేడెక్కితే అప్పడంలా ముడుచుకుంటుంది. మా ఆవిడ వాకిట్లో ముగ్గు వేస్తుంటే నాకు ఉపాయం దొరికింది. ముందు చుక్కలు పెడుతుంది, తర్వాతే కలుపుతుంది. ప్యాచ్ చుట్టూ రెండేసి అంగుళాల దూరంలో టాకులు కొట్టండి, ఒకటి ఇటు కొడితే రెండోది ఎదురుమూల. చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక వాటి మధ్యలో మళ్ళీ చుక్కలు. చుక్కా చుక్కా కలిసి గీత అయ్యేసరికి నాకు పూట పట్టింది. మేస్త్రీకి చూపిస్తే వేలితో రాసి చూసి, "ముగ్గు వంకరగా ఉండాది గానీ, ఉండాది" అన్నాడు.

తుప్పు పట్టిన అంచు మిగిలితే మీ ప్యాచ్ ఆ అంచును పట్టుకునే రాలిపోతుంది, కాబట్టి మెరిసే రేకు వచ్చేదాకా కోసి, ప్యాచ్ అంతకన్నా అంగుళం పెద్దది చేయండి. నా విస్తరాకు చివరికి పళ్ళెమైంది. పైన జింకు ప్రైమర్, కీళ్ళలో సీలర్, కింద తారుపూత. రాత్రి బండి లోపల లైటు వేసి, కింద పడుకుని చూడండి. చీకట్లో సూదిమొనంత చుక్క వెలిగినా అక్కడ ఇంకో టాకు బాకీ ఉంది. నాకు ఏడు వెలిగాయి.

ఆ ఏడూ పూడ్చిన తర్వాత వచ్చిన మొదటి జడివానలో రేణిగుంట దాకా పోయి వచ్చాను. కార్పెట్ మళ్ళీ తడిసింది. గుండె గుభేలుమంది. లేపి చూస్తే ప్యాచ్ పొడిగానే ఉంది, నీళ్ళు తలుపు రబ్బరులోంచి దిగుతున్నాయి. దానికి మేస్త్రీ నూటయాభై రూపాయలు అడిగాడు. బేరం ఆడకుండా ఇచ్చేశాను.